ఆటను ఉచితం చేయండి, కానీ ఈ సీజన్‌లోనే వద్దు

ఈ ఆన్‌లైన్ వీడియో గేమ్‌ను తయారుచేసిన బృందానికి, దాన్ని నడుపుతున్న పబ్లిషర్ సంస్థ పెద్దలకు,

నమస్కారం.

ఆట భవిష్యత్తు కోసం అన్ని మార్గాలూ పరిశీలిస్తున్నామని మీరు ఈమధ్య ప్రకటించారు. ఇంకా ఆడుతున్న మాలాంటివాళ్లకు దాని అర్థం వెంటనే తెలిసిపోయింది. ఆటను డబ్బు పెట్టి కొనే పద్ధతి తీసేసి, అందరికీ ఉచితంగా ఇచ్చి, లోపల వస్తువులు అమ్ముతూ నడపాలనుకుంటున్నారు. నేను మొదటి సీజన్ (ఆట విడత) నుంచి ఆడుతున్నాను, ఒక క్లాన్‌ను (కలిసి ఆడే ఆటగాళ్ల బృందాన్ని) నడుపుతున్నాను. కొత్తగా చేరినవాళ్లకు మ్యాపులు చూపించి, ఏ పాత్రతో ఎలా ఆడాలో నేర్పే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. అందుకే ఈ విషయంలో మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. ఆట పేరు ఇక్కడ రాయడం లేదు. మీకు తెలుసు, ఆడేవాళ్లకూ తెలుసు. ఇదే పరిస్థితిలో ఉన్న ఆటలు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని నడిపేవాళ్లకు కూడా ఈ లేఖ పనికొస్తే మంచిదే.

ముందే ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఉచితం చేయడానికి నేను వ్యతిరేకం కాదు. చేయాలనే కోరుకుంటున్నాను. పాత ఆటగాళ్లలో చాలామంది ఆ మాట వినగానే కోప్పడతారు, వాళ్ల కోపానికి కారణాలున్నాయి, వాటి గురించి కూడా రాస్తాను. కానీ ఇప్పుడున్న స్థితిలో, వచ్చే సీజన్ మొదలయ్యే రోజునే గేట్లు ఎత్తేస్తే మాత్రం ఆట బతకదని నా గట్టి నమ్మకం. ఉచితం అనే ప్రకటనకు ఒక్కసారే బలం ఉంటుంది. ఆ రోజు వచ్చి, చూసి, నచ్చక వెళ్లిపోయినవాళ్లను మళ్లీ పిలవడానికి మీ దగ్గర అంతకన్నా పెద్ద మాట ఏదీ మిగలదు. ధర సున్నా కన్నా కిందికి దిగదు కదా.

ఇప్పుడు ఆట లోపల ఏం జరుగుతోందో మీ దగ్గరున్న అంకెలు చెబుతూనే ఉంటాయి. అయినా ఆడేవాళ్ల వైపు నుంచి అది ఎలా కనిపిస్తుందో చెప్పాలి. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక సాయంత్రం 600 మంది ఆన్‌లైన్‌లో ఉన్నారనుకోండి. వినడానికి మరీ తక్కువేం కాదు. కానీ సర్వర్లు మూడు ప్రాంతాలుగా, ఆట నాలుగు మోడ్‌లుగా (ఆడే తీరులుగా) విడిపోయి ఉంటే ఆ జనమంతా పన్నెండు ముక్కలవుతారు. ఒక్కో ముక్కలో 50 మంది. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఏదో ఒక మ్యాచ్ మధ్యలో ఉంటారు. కొత్త మ్యాచ్ కోసం క్యూలో నిలబడి ఉన్నది పదిమందో పదిహేనుమందో. ఆరుగురి మీద ఆరుగురు ఆడే ఆటకు పన్నెండుమంది కావాలి, వాళ్లు దాదాపు ఒకే ర్యాంకులో ఉండాలి. ఉండరు. అప్పుడు ఆటగాళ్లను జట్లుగా కలిపే మ్యాచ్‌మేకర్ చేసే పనేంటి? నిమిషాలు గడిచేకొద్దీ హద్దులు సడలిస్తుంది. మొదట ర్యాంకు తేడాను పట్టించుకోవడం మానేస్తుంది, తర్వాత పింగ్‌ను (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని). చివరికి నిన్ననే ఆట కొన్నవాడు, మూడేళ్లుగా ఆడుతున్నవాడి ఎదురుగా నిలబడతాడు.

ఆ మ్యాచ్ ఎలా ముగుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కొత్తవాడికి ఏం జరిగిందో కూడా అర్థం కాదు. బయటికొచ్చిన కాసేపటికే చచ్చాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ చచ్చాడు. ఇలాంటి మ్యాచ్‌లు వరసగా రెండో మూడో పడితే ఎవరైనా ఆట తీసేస్తారు. గెలిచిన పాతవాళ్లకూ అందులో సంతోషం లేదు. అంతసేపు క్యూలో కూర్చుని, ఎదురు నిలబడలేని జట్టును ఓడించడం ఎవరికి సరదా? వాళ్లూ మెల్లగా రావడం మానేస్తారు. జనం తగ్గితే క్యూ పెరుగుతుంది, క్యూ పెరిగితే జనం ఇంకా తగ్గుతారు. మన ఆట ప్రస్తుతం ఈ సుడిలోనే ఉంది.

ఉచితం చేయాలనే వాదనకు బలం వచ్చేదీ ఇక్కడే. ఒంటరిగా ఆడే ఆటలో పక్కవాడు ఉన్నా లేకపోయినా ఆట మారదు. పదిమంది కలిసి ఆడే ఆటలో ఆటగాడే ఆటలో భాగం. పైసా ఖర్చుపెట్టని మనిషి కూడా క్యూలో నిలబడితే, ఖర్చుపెట్టిన మనిషికి మ్యాచ్ దొరుకుతుంది. ధర ఎంత తక్కువగా ఉన్నా అది ఒక అడ్డుగోడ, ముఖ్యంగా స్నేహితులు కలిసి ఆడే ఆటకు. ఐదుగురిలో ఒకడు కొననంటే మిగతా నలుగురూ ఇంకో ఆటకు పోతారు. మా క్లాన్‌కు ఈ అనుభవం చాలాసార్లు ఎదురైంది. ఆట నచ్చి, ఉండిపోవాలనుకున్న మనిషి కూడా తన జట్టు మొత్తాన్ని కొనిపించలేక వెళ్లిపోతాడు. ఆ గోడ కూలిస్తే లాభమే. ఇందులో నాకు సందేహం లేదు.

ఉచితం చేసి బతికిన ఆటల పేర్లు చర్చల్లో తరచుగా వినిపిస్తుంటాయి. మీ సమావేశాల్లోనూ వినిపించే ఉంటాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్ 2006లో నెలవారీ చందా పద్ధతిలో మొదలై తడబడింది. 2009లో టర్బైన్ సంస్థ దాన్ని ఉచితం చేశాక కోలుకుంది, మరుసటి ఏడాది అదే సంస్థ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్‌ను కూడా అదే దారిలో నడిపించింది. టీమ్ ఫోర్ట్రెస్ 2 2007లో కొనుక్కునే ఆటగా వచ్చి, 2011లో ఉచితమైంది. రాకెట్ లీగ్ 2015లో వచ్చి, 2020 సెప్టెంబర్‌లో ఉచితమైంది. ఫాల్ గైస్ 2022 జూన్‌లో అదే పని చేసింది.

ఈ జాబితాను కాస్త దగ్గరగా చూడమని మనవి. రాకెట్ లీగ్ ఉచితమయ్యే నాటికి మునిగిపోతున్న ఆట కాదు, అప్పటికే ప్రపంచమంతా ఆడుతున్న ఆట. టీమ్ ఫోర్ట్రెస్ 2 కూడా అంతే. పైగా దాని తయారీ సంస్థ వాల్వ్ ఉచితమనే మాట ఎత్తకముందే, 2010లోనే ఆట లోపల దుకాణం పెట్టి, టోపీలూ ఆయుధాలూ అమ్మి, జనం ఏం కొంటారో ఏం కొనరో చూసుకుంది. అలా నేర్చుకున్న తర్వాతే ధర తీసేసింది. ఫాల్ గైస్ పేరు ఆట ఆడనివాళ్లకు కూడా తెలుసు. బాగా నడుస్తున్న ఆట ఉచితమై ఇంకా పెద్దదవడం వేరు, మునిగిపోతున్న ఆట ఉచితమై ఒడ్డున పడడం వేరు. మనకు దగ్గరగా ఉన్నది ఈ జాబితాలో మొదటి ఆట ఒక్కటే. అది ఎందుకు బతికిందో చూస్తే, టర్బైన్ ధర ఒక్కటే మార్చి ఊరుకోలేదు. అమ్మకానికి పెట్టిన సాహసాల్ని (ఆటలోని అదనపు భాగాల్ని), ఆడి సంపాదించిన పాయింట్లతో కూడా తెరుచుకునేలా దుకాణాన్ని ఆటలో కలిపేసింది. డబ్బు లేనివాడికి సమయం పెట్టే దారి ఒకటి దొరికింది.

ఇక రెండో జాబితా, ఉచితం కాపాడలేకపోయిన ఆటలది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు భయం వేసేది ఇక్కడే.

ఎవాల్వ్ 2015 ఫిబ్రవరిలో వచ్చింది. నలుగురు వేటగాళ్లు, ఒక రాక్షసి. ఆలోచన గొప్పది, ఆడినవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కానీ పూర్తి ధర తీసుకుని, ఆపైన పాత్రల్నీ రాక్షసుల్నీ విడిగా అమ్మడంతో మొదటి నెలల్లోనే జనానికి మనసు విరిగింది. 2016 జూలైలో కంప్యూటర్ మీద దాన్ని స్టేజ్ 2 పేరుతో ఉచితం చేశారు. ఎడారిలా ఉన్న ఆటలోకి జనం వెల్లువలా వచ్చారు. తయారుచేసిన టర్టిల్ రాక్ బృందం ఆటను నిజంగానే బాగుచేస్తూ వచ్చింది. అయినా అదే ఏడాది అక్టోబర్‌లో, అంటే నాలుగు నెలలు తిరక్కుండానే, పబ్లిషర్ మద్దతు ఆపేసింది. 2018 సెప్టెంబర్‌లో సర్వర్లు మూసేశారు.

వైల్డ్‌స్టార్ 2014లో చందా ఆటగా మొదలై 2015 సెప్టెంబర్ చివర్లో ఉచితమైంది. ఆ రోజు వచ్చిన జనాన్ని సర్వర్లు తట్టుకోలేకపోయాయి. ఆట ఎలా ఉందో చూద్దామని వచ్చినవాళ్లలో చాలామంది చూసింది లోపలికి వెళ్లడానికి లాగిన్ క్యూ, ఆట తడబడే లాగ్. 2018 నవంబర్‌లో ఆట మూతపడింది. ఇక లాబ్రేకర్స్ ఆ మెట్టు దాకా కూడా రాలేకపోయింది. 2017 ఆగస్టులో డబ్బు పెట్టి కొనే ఆటగా వచ్చింది, జనం రాలేదు. ఉచితానికి మార్చడం బయటికి తేలికగా కనిపించినా, అందుకు పబ్లిషర్ ప్రణాళిక, వనరులు కావాలని తయారీదారులు 2018లో చెప్పారు. ఆ ఏడాది మే నెలలో ఆ స్టూడియోనే మూతపడింది. చివరి నెలల్లో ఆటను ఉచితంగా ఇచ్చారు గానీ, అప్పటికి అందులో ఆశ ఏమీ మిగల్లేదు. సెప్టెంబర్‌లో సర్వర్లు ఆగిపోయాయి.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా చెడ్డ ఆట కాదు. వాటిలో లోపించింది వేర్వేరు. ఒకదానికి వెనక నిలబడే ఓపిక లేకపోయింది. ఒకదానికి ఆ రోజుకు తగ్గ ఏర్పాటు లేదు. ఇంకోదానికి సమయం మించిపోయింది. ఇప్పుడు మన ఆటను వీటి పక్కన పెట్టి చూస్తే, ఈ మూడు గండాలూ మన ముందు ఉన్నాయి.

అందుకే పబ్లిషర్ పెద్దల్ని నేరుగా అడుగుతున్నాను. ఉచితం చేశాక ఎన్ని నెలలు నిలబడతారు? ఈ ప్రశ్న ఎందుకంటే, ఉచితం చేసిన రోజు ఆదాయం పెరగదు, ఆగిపోతుంది. ఆట అమ్మితే వచ్చే డబ్బు ఆ రోజుతో సరి. దుకాణంలో వచ్చే డబ్బు జనం ఉండిపోతేనే వస్తుంది, ఉండిపోవడానికి నెలలు పడుతుంది. 100 మంది ఉచితంగా వస్తే ఏదో ఒకటి కొనేవాళ్లు ఐదుగురు లోపే ఉంటారని ఈ రంగంలో మామూలుగా వేసుకునే లెక్క. సర్వర్ మాత్రం 100 మందికీ కావాలి. సంస్థ సహాయ విభాగానికి ఉత్తరాలు రాసేదీ, ఫిర్యాదులు చేసేదీ ఆ 100 మందీను. అంటే మొదటి కొన్ని నెలలు ఖర్చు పెరిగి, రాబడి తగ్గుతుంది. దీనికి ముందే డబ్బు పక్కన పెట్టకపోతే, మూడో నెలలో ఎవరో ఒకరు లెక్కల కాగితం చూసి ఆపేయమంటారు. అప్పుడు ఉద్యోగాలు పోయేది రాత్రింబవళ్లు కష్టపడిన తయారీ బృందంలోని వాళ్లకే. ఏడాది పాటు నడిపే ధైర్యం లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. పాతవాళ్లం ఉన్న కొద్దిమందిమీ ఒకే మోడ్‌లో, ఒకే వేళకు చేరి ఆడుకుంటాం. అది ఇంతకన్నా నయం.

ఇంకో దారి కూడా లేకపోలేదు. ఫైనల్ ఫాంటసీ 14 2010లో వచ్చినప్పుడు ఎంత విమర్శలపాలైందో గుర్తుందా? నిర్వాహకులు క్షమాపణ చెప్పి, ఏడాదికి పైగా నెలవారీ చందా వసూలు చేయకుండా ఆపారు, బాధ్యతను కొత్త దర్శకుడు నవోకి యోషిదాకు అప్పగించారు. 2012 నవంబర్‌లో పాత ఆటను మూసేసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి తెరిచారు. తెరిచాక అడిగింది చందాయే. అయినా జనం వచ్చారు, ఇన్నేళ్లుగా ఉన్నారు. మీకు అంత డబ్బు, అంత వ్యవధి లేవని నాకు తెలుసు. కానీ జబ్బు ధరలో ఉందా, ఆటలో ఉందా అని వాళ్లు ముందు చూసుకున్నారు. మన ఆటకు రెండు చోట్లా ఉంది. ధర తీసేయడం ఒక్క రోజు పని. ఆటను బాగుచేయడానికి నాలుగైదు నెలలు కావాలి. ఆ నెలలు తీసుకోండి అనేదే నా విన్నపం.

ఆ నెలల్లో అన్నిటికన్నా ముందు చేయాల్సింది, మొదటి గంట. ఇప్పుడున్న ట్యుటోరియల్ నడవడం, గురి చూడడం, తుపాకీ మార్చడం నేర్పి వదిలేస్తుంది. అవి ఎవరికైనా వచ్చు. మన ఆటలో గెలుపు ఆధారపడేది ఎప్పుడు వెనక్కి తగ్గాలి, ఏ మూల ఎవరు కాపలా ఉండాలి, జట్టుకు అండగా ఉండే సపోర్ట్ పాత్ర చచ్చిపోతే మిగతావాళ్లు ఏం చేయాలి అన్నదాని మీద. వీటిలో ఒక్కటీ నేర్పరు. మా క్లాన్‌లో మేం కొత్తవాళ్లతో ఖాళీ మ్యాపులో తిరుగుతూ నోటితో చెప్పి నేర్పుతాం. అలా నేర్చుకున్నవాళ్లు నిలుస్తారు, నేర్చుకోనివాళ్లు వారం తిరక్కుండా పోతారు. ఈ తేడా నేను మళ్లీ మళ్లీ చూశాను. వేలమంది ఒక్కసారి వచ్చినప్పుడు ఏ క్లాన్ కూడా అంతమందికి చెప్పలేదు. ఆటే చెప్పాలి.

దాంతోపాటు కొత్తవాళ్లకు విడిగా ఒక క్యూ ఉండాలి. మొదటి పాతికో ముప్పయ్యో మ్యాచ్‌లు తమలాంటివాళ్లతోనే పడాలి, చాలకపోతే బాట్లతో (కంప్యూటర్ నడిపే ఆటగాళ్లతో) నింపండి. బాట్లు అని దాచకుండా, పేరు పక్కన గుర్తు పెట్టి నింపండి. బాట్‌ను ఓడించి తనకేదో వచ్చేసిందని అనుకున్న మనిషి తర్వాత నిజం తెలిస్తే ఆటనే నమ్మడు. మోడ్‌లు నాలుగు అక్కర్లేదు, రెండు చాలు. మిగతా రెండూ వారాంతాల్లో మార్చి మార్చి తెరవండి. ఆ రెండు మోడ్‌లనే ఇష్టపడే పాత ఆటగాళ్లు బాధపడతారు, వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. అయినా ఈ మాట అనాల్సిందే. ఖాళీ క్యూ ఉన్న మోడ్ ఎవరిదీ కాదు.

సర్వర్ల గురించి ఎక్కువ రాయను. వైల్డ్‌స్టార్ సంగతి పైన చెప్పాను. ఒక వారం ముందు పాత ఆటగాళ్లందరినీ పిలిచి, ఒకే గంటలో అందరం లాగిన్ అయ్యేలా పరీక్ష పెట్టండి. వస్తాం.

ఇప్పుడు ఏం అమ్ముతారన్న సంగతి. పాతవాళ్లకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. గెలుపును అమ్మకండి. ఆ గీత దాటని ఏ వస్తువైనా అమ్ముకోండి, మేం కొంటాం. స్కిన్లు (పాత్రల వేషాలు), బ్యానర్లు, గెలిచినప్పటి భంగిమలు, వాయిస్ లైన్లు, మ్యాప్ లోడింగ్ బొమ్మలు, ఏవైనా. సీజన్‌కు ఒక బ్యాటిల్ పాస్ (ఆడేకొద్దీ బహుమతులు తెరుచుకునే టికెట్టు) పెట్టండి, పనులూ బడీ ఉన్న మనిషి కూడా పూర్తిచేయగలిగేలా. కొత్త పాత్రలు మాత్రం వచ్చిన రోజే అందరికీ తెరవండి. ఓవర్‌వాచ్ 2 2022 అక్టోబర్‌లో ఉచితంగా వచ్చినప్పుడు కొత్త హీరోలను బ్యాటిల్ పాస్‌లో పెట్టింది. ఆడి సాధించుకునే దారి ఉన్నా, జట్టులో ఎవరికి ఏ హీరో ఉన్నారన్న తేడా వచ్చేసింది. ఆ పద్ధతిని 2024లో వాళ్లే తీసేశారు. ఒకరు చేసి వెనక్కి తీసుకున్న పనిని మనం కొత్తగా మొదలుపెట్టడం ఎందుకు?

ఉచితంగా ఆడేవాణ్ని ఇబ్బంది పెట్టి కొనిపించే పద్ధతి కూడా వద్దు. స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ 2011 డిసెంబర్‌లో చందా ఆటగా మొదలై, ఏడాది నిండకముందే ఉచితమైంది. అప్పుడు ఉచితంగా ఆడేవాళ్లకు నైపుణ్యాల బటన్లు పెట్టుకునే వరసలు కూడా తగ్గించి, ఎక్కువ కావాలంటే కొనమన్నారు. తెర మీద తన బటన్లు తను పెట్టుకోలేని ఆటగాడికి అది దుకాణంలా కాదు, చేతులు కట్టేసినట్టు ఉంటుంది. విమర్శలు వచ్చాక సడలించారు. ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని బతికించింది ఆ కట్టడి కాదు, దానిలోని కథ, ప్రపంచం. లూట్ బాక్సుల సంగతి ఒక్క మాటలో చెబుతాను, పెట్టకండి. డబ్బు తీసుకుని లోపల ఏముందో చెప్పని పెట్టెలను బెల్జియం 2018లోనే జూదం కిందికి తెచ్చింది. మన ఆట ఆడేవాళ్లలో పిల్లలూ ఉన్నారు.

చీటర్ల (మోసపు సాఫ్ట్‌వేర్ అయిన హ్యాక్‌లు వాడేవాళ్ల) గురించి మీరు ఎంత ఆలోచించారో నాకు తెలియదు గానీ, ఇది నిజంగా ఆటను చంపగల విషయం. ఇప్పుడు హ్యాక్ వాడినవాణ్ని బ్యాన్ చేస్తే మళ్లీ డబ్బు పెట్టి కొనాలి. ఉచితమయ్యాక ఇంకో ఈమెయిల్ ఉంటే చాలు. కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ 2018 డిసెంబర్‌లో ఉచితమైనప్పుడు పాతవాళ్లందరికీ ప్రైమ్ హోదా ఇచ్చి, వాళ్లను వాళ్లలోనే ఆడనిచ్చింది. కొత్తవాళ్లు ఆడుతూ ఆ హోదా సంపాదించుకునే దారి కొంతకాలం ఉంచింది. 2021లో ఆ దారి కూడా మూసేసి, కొనుక్కుంటేనే ఇస్తామంది. అంత పెద్ద సంస్థకే ఉచిత ఖాతాల గొడవ తెమల్లేదు. ఓవర్‌వాచ్ 2 ఫోన్ నంబర్ తప్పనిసరి చేయబోయి, కొన్ని రకాల ఫోన్ కనెక్షన్లు ఉన్న పాత ఆటగాళ్లే లోపలికి రాలేక గోల చేయడంతో చాలామంది పాతవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఫోన్ నంబర్ అడగడం తప్పని నేను అనను. ర్యాంక్ మ్యాచ్‌లకు మాత్రమే అడగండి, మామూలు మ్యాచ్‌లు అందరికీ తెరిచి ఉంచండి. కొంతకాలం ఆడాకే ర్యాంక్ తెరుచుకునేలా చేయండి. ఫిర్యాదులు చదవడానికి మనుషుల్ని పెట్టండి. ఇవన్నీ గేట్లు ఎత్తకముందే సిద్ధంగా ఉండాలి. హ్యాకర్లు నిండాక చూసుకుందాం అంటే, అప్పటికి చూసుకోవడానికి ఆటగాళ్లు ఉండరు.

డబ్బు పెట్టి కొన్నవాళ్ల మాట. వీళ్ల కోపాన్ని అత్యాశ అని కొట్టేయకండి. ఆట బాగా లేని రోజుల్లో కూడా వదలకుండా ఆడింది వీళ్లు. రాకెట్ లీగ్ ఉచితమయ్యేటప్పుడు పాతవాళ్లకు అప్పటిదాకా వచ్చిన ఆ ఆట సొంత అదనపు ప్యాకులన్నీ ఇచ్చి, ఏ ఏడాది నుంచి ఆడుతున్నారో పేరు కింద చూపే బిరుదు ఒకటి ఇచ్చింది. ఖర్చు లేని పని, కానీ దాన్ని గర్వంగా పెట్టుకున్నవాళ్లు ఎందరో. ఫైనల్ ఫాంటసీ 14 పాత ఆట చివరి రోజుల్లో చందా కట్టినవాళ్లకు నెలవారీ ధర శాశ్వతంగా తగ్గించింది, వాళ్ల పేర్లు కొత్త ఆట చివర తెర మీద వేసింది. ఇలాంటిదేదైనా చేయండి. గత కొన్ని వారాల్లో కొన్నవాళ్లకైతే డబ్బు వెనక్కి ఇవ్వండి, లేదా అంత విలువకు దుకాణంలో నాణేలు ఇవ్వండి. నిర్ణయం లోపల జరుగుతుండగా బయట ఆటను డిస్కౌంట్‌లో అమ్మడం మాత్రం వెంటనే ఆపండి. మా క్లాన్‌లోనే కొందరు ఆ డిస్కౌంట్ చూసి స్నేహితుల చేత కొనిపించారు. వచ్చే నెల అది ఉచితమైతే వాళ్లు స్నేహితుల ముందు తలెత్తుకోలేరు.

ఇంత చేసినా ఆట నిలబడకపోవచ్చు. ఆ రోజు గురించి కూడా ఇప్పుడే మాట ఇవ్వమని అడుగుతున్నాను. నాకౌట్ సిటీ 2021 మే నెలలో వచ్చింది, 2022 జూన్‌లో ఉచితమైంది, 2023 జూన్‌లో మూతపడింది. కానీ దాన్ని తయారుచేసిన వేలాన్ స్టూడియోస్ నెలల ముందే తేదీ చెప్పింది, మూసేముందు ఆటగాళ్లు సొంత సర్వర్ మీద నడుపుకునే కంప్యూటర్ వెర్షన్ ఇచ్చి వెళ్లింది. సిటీ ఆఫ్ హీరోస్ ఉచితమైన ఏడాది తర్వాత, 2012 నవంబర్‌లో ఆగిపోయింది. అభిమానులు నడుపుకుంటున్న హోమ్‌కమింగ్ సర్వర్‌కు చివరికి 2024 జనవరిలో అధికారికంగా లైసెన్స్ దొరికింది. అదే ఏడాది మార్చి నెలాఖరున ది క్రూ అనే ఆట సర్వర్లు ఆగిపోయినప్పుడు, డబ్బు పెట్టి కొన్న ఆటను ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. కొన్న ఆటల్ని ఆడలేకుండా చేయొద్దనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది ఆ కోపంలోంచే. మన ఆట మూసే రోజే వస్తే, కనీసం ఆరు నెలల ముందు చెప్పండి, మేం నడుపుకోవడానికి సర్వర్ ఫైళ్లు ఇవ్వండి. ఈ మాట ముందే ఇస్తే కొత్తగా వచ్చేవాళ్లు కూడా ధైర్యంగా దుకాణంలో ఖర్చుపెడతారు. ఏడాదిలో మాయమైపోతుందేమో అనుకున్న ఆటలో ఎవరూ స్కిన్ కొనరు.

తయారీ బృందంలోని వాళ్లకు విడిగా ఒక మాట. మూడో మ్యాప్‌లో వాన మొదలయ్యే క్షణంలో అడుగుల చప్పుడు మారడం, సపోర్ట్ పాత్ర కవచం ఎత్తితే పక్కవాడి చేతిలో తుపాకీ వెలుగు మారడం, ఇవి మీరు ఎంత ప్రేమగా చేశారో మాకు తెలుసు. ఇన్నాళ్లు ఉన్నది వాటి కోసమే. ఈ ఆటను ఇంకా చాలామంది చూడాలి. చూడడానికి వచ్చిన రోజున అది తన అసలు రూపంలో కనబడాలి.

పబ్లిషర్ పెద్దలు తేదీ ప్రకటించేముందు నాలుగు సంగతులు రాసి ఇవ్వమని కోరుతున్నాను. ఏడాది పాటు నడుపుతామన్న హామీ, అమ్మకానికి ఏవి ఉంటాయో ఏవి ఉండవో, కొన్నవాళ్లకు ఏమిస్తారో, మూయాల్సివస్తే ఏం చేస్తారో. మా వైపు నుంచి, కొత్తవాళ్లకు నేర్పడానికి పేరు ఇచ్చినవాళ్లు మా క్లాన్‌లోనూ, మరో మూడు నాలుగు క్లాన్లలోనూ సిద్ధంగా ఉన్నారు. టెస్ట్ సర్వర్ తెరవండి. వచ్చి ఆడతాం, పాడుచేసి చూస్తాం, ఎక్కడ విరిగిందో రాసి పంపుతాం.

ఇట్లు,
మొదటి సీజన్ నుంచి ఆడుతున్న ఒక క్లాన్ లీడర్